నలభై దాటితే ఆకాశం మూసేస్తారా?

విమానయాన రంగం ఆడదాని వయసును మొదటినుంచీ ముఖం చూసే లెక్కగట్టింది. ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు, సుప్రీంకోర్టు రికార్డులో ఉన్న మాట. ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్‌గా చేరిన స్త్రీ 35 ఏళ్లకు రిటైరు కావాలి. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా అంతకంటే ముందే ఇంటికి పోవాలి. అదే విమానంలో పనిచేసే మగ పర్సర్ మాత్రం 58 దాకా ఉద్యోగంలో ఉండొచ్చు. నెర్గేష్ మీర్జా, ఆమె సహోద్యోగులు దీనిమీద కోర్టుకెక్కారు. 1981లో తీర్పు వచ్చింది. గర్భం వస్తే ఉద్యోగం తీసేసే నిబంధనను కోర్టు కొట్టేసింది. నాలుగేళ్ల పెళ్లి షరతును నిలబెట్టింది. 35 ఏళ్ల గీతనూ తప్పుపట్టలేదు. ఆ తర్వాత పొడిగింపు ఇవ్వడం అధికారి ఇష్టానికి వదిలేయకూడదని మాత్రం అంది. ఆ గీత తర్వాత్తర్వాత జరిగిందంటే దానికి కారణం స్త్రీల పోరాటమేగాని, కంపెనీల దయ కాదు.

ఎయిర్ హోస్టెస్ పని ప్రయాణికుల కళ్లముందు చేసేది కాబట్టి అక్కడ 'అందం' అనే సాకు దొరికింది. మరి కెమెరా వెనక నిలబడి చేసే పని సంగతేమిటి? విమానాలను ఫోటోలు తీయడం, ఆకాశం నుంచి ఫ్యాక్టరీలనూ ఓడరేవులనూ రోడ్డు పనులనూ తీయడం డబ్బొచ్చే వృత్తి. విమాన కంపెనీల ప్రకటనలకు, 2008లో బేగంపేటలో మొదలైన విమాన ప్రదర్శనల్లాంటి వాటికి, కాంట్రాక్టర్ల పని నివేదికలకు ఈ ఫోటోలు కావాలి. పైనుంచి తీయాలంటే ఒకప్పుడు విమానమో హెలికాప్టరో ఎక్కాల్సిందే. ఇప్పుడా పని చాలావరకు డ్రోన్ కెమెరా చేస్తోంది. దీనికి కావలసింది ఓర్పు, వెలుగు తెలిసిన కన్ను, నిలకడైన చెయ్యి. ఇవి నలభై ఏళ్లకే ఇంకిపోతాయా?

మన దేశంలో పైలట్లలో సుమారు 15 శాతం స్త్రీలని, ప్రపంచ సగటుకంటే ఇది ఎంతో ఎక్కువని గర్వంగా చెప్పుకుంటున్నాం. విమానం నడిపే స్త్రీ ఫోటో మార్చి 8న పత్రికల్లో వస్తుంది. ఆ ఫోటో తీసే పని ఎంతమంది స్త్రీలకు దొరుకుతోందని మాత్రం ఎవరూ అడగరు.

దువ్వాడలో స్త్రీల ఉపాధి గురించి నేను మాట్లాడుతున్నవాళ్లలో 46 ఏళ్ల ఒకామె ఉంది. పేరు రాయను. అత్తవారి భూమి ఉక్కు ఫ్యాక్టరీ కిందికి పోయింది. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు మీద వచ్చే ఉద్యోగం మగవాళ్లదేనన్నది ఆ ఇంట్లో చర్చ లేకుండానే తేలిపోయింది. పదో తరగతి పాసైన ఈమె పదేళ్లుగా ఒక స్టూడియోలో పెళ్లి ఫోటోలు సరిచేసి ఆల్బమ్‌లు తయారుచేస్తోంది. డ్రోన్ తీసిన వాటిలో ఏది ఉంచాలో, ఏది పారేయాలో తేల్చేది ఆమే. ఎగరేసేది మాత్రం ఇరవై రెండేళ్ల కుర్రాడు. "ఆడు వంకరగా తీసిందంతా నానే సరిసేత్తాను మేడం. డబ్బులు మాత్రం ఆడికి మూడింతలు. నేనూ నేర్సుకుంటానంటే, ఈ వయసులో నీకేటి గోల అంటారు" అంది.

చట్టం ఆమెను ఆ మాట అనలేదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసుండి, పదో తరగతి పాసై, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకున్నవాళ్లు రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు అర్హులు. పాస్‌పోర్టు కావాలన్న ఇబ్బంది 2023 సవరణతో తొలగింది. ఓటరు కార్డో రేషన్ కార్డో చాలు. అంటే చట్టం లెక్కన ఈమెకు ఇంకా 19 ఏళ్ల పని ఉంది.

అయితే అవే నిబంధనల్లో మరో సంగతీ ఉంది. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్న డ్రోన్‌ను సరదాకి ఎగరేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. డబ్బుకి ఎగరేస్తే కావాలి. ఆ శిక్షణకు పదుల వేలు పోయాలి. డబ్బున్నవాడి సరదాకి అడ్డు లేదు, పొట్టకూటికి మాత్రం రుసుము!

ఇక అనుమతులు. విశాఖ నౌకాదళ నగరం. ఐఎన్ఎస్ డేగా ఉంది, పోర్టు ఉంది, ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. ప్రభుత్వ విమానాశ్రయంలోగాని, ఎగిరే విమానంలోంచిగాని ఫోటో తీయాలంటే రాతపూర్వక అనుమతి కావాలని 1937 నాటి విమాన నియమాల్లోనే రాశారు. డ్రోన్లకైతే పటంలో ఎరుపు, పసుపు, పచ్చ మండలాలు గీశారు. భద్రత వద్దని నేననడం లేదు. కాని అనుమతి కోసం తిరగడం కూడా శ్రమే. పొద్దున కుళాయి నీళ్లకు, సాయంత్రం మనవడికి, రాత్రి మంచంపట్టిన అత్తగారికి కట్టుబడిన మనిషి ఏ వేళ తిరగాలి? మగవాడు ఆఫీసుల చుట్టూ తిరగగలుగుతున్నాడంటే ఇంట్లో అతని వంతు పని ఒక స్త్రీ చేస్తోందన్నమాట.

స్త్రీల చేతికి డ్రోన్లిచ్చే పథకం ఉందిగదా అంటారు. ఉంది. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 1,261 కోట్ల రూపాయలతో 15,000 స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లివ్వాలని నిర్ణయించింది. దేనికి? ఎరువులు, పురుగుమందులు పిచికారీ చేయడానికి. అదీ గ్రామీణ సంఘాలకే. దువ్వాడ పొలాలు పరిశ్రమలకిచ్చి, పల్లెతనం పోయి మహానగర పాలక సంస్థలో కలిసిన ఊరు. అక్కడి స్త్రీ ఈ పథకం గడప కూడా తొక్కలేదు. ఆకాశంలోకి పంపినా ఆడదాని చేతికి మందుడబ్బా, మగవాడి చేతికి కెమెరా! నేలమీది శ్రమ విభజనే పైకెగిరింది.

మనలోనూ కొందరు అడుగుతున్నారు: అన్నం పెట్టే పనులు వదిలి ఈ ఖరీదైన మోజులెందుకని. ఏ పని స్త్రీకి తగింది, ఏది మోజు అని ఎవరు నిర్ణయించారు? నలభై దాటిన స్త్రీ అనగానే మన సంస్థల శిక్షణ జాబితాలు కుట్టుమిషను, పచ్చళ్లు, అగరువత్తుల దగ్గరే ఆగిపోతాయి. ఇంటి చాకిరీకే కొంచెం ధర కట్టి దాన్ని సాధికారత అంటున్నాం. కోల్‌కతాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 1863లో కూతురు, అల్లుడు కెమెరా ఇచ్చేనాటికి 48 ఏళ్లు. ఆమె ఫోటోగ్రఫీ చరిత్రలో నిలిచింది. ఆమెకు తీరికా డబ్బూ ఉన్నాయి. దువ్వాడ స్త్రీకి లేనివి అవేగాని, వయసు ఎక్కువై కాదు. దేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమై వ్యరవాలా తీసిన ఫోటోలే మొదట్లో భర్త పేరుతో అచ్చయ్యాయి. స్త్రీ చేసిన పని మీద మగ పేరు పడడం పాత అలవాటే. ఇవాళ స్టూడియోలో జరిగేదీ అదే.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. డ్రోన్ శిక్షణల్లో పిచికారీతోపాటు ఫోటోగ్రఫీ, సర్వే నేర్పాలి. పట్టణ సంఘాలను చేర్చాలి. నలభై దాటిన స్త్రీలకు కొన్ని సీట్లు కేటాయించి, ఫీజు మాఫీతోపాటు శిక్షణ రోజులకు కూలి కట్టివ్వాలి. నగరపాలక సంస్థ, ప్రభుత్వ రంగ సంస్థలు తీయించే వైమానిక ఫోటోల పనిలో మహిళా సంఘాలకు వాటా ఉండాలి. అనుమతుల దరఖాస్తులకు జిల్లా కేంద్రంలో సహాయం అందించాలి. తీసిన ఫోటో కింద తీసినవారి పేరుండాలి.

ఈ డిమాండ్లు ప్రభుత్వం ముందు పెట్టడానికి ముందు, వచ్చే ఏడాది మీ సంస్థ శిక్షణ జాబితా తెరవండి. నలభై దాటిన స్త్రీ పేరు ఎదురుగా ఏ పని రాసి ఉందో చూడండి. దాన్ని మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.