నెట్ పదే పదే పోతోందా? తప్పు ఎవరిదో మీ రూటర్ లాగే చెప్పేస్తుంది!

మైదుకూరు లాంటి ఊళ్లలో ఇంటింటికీ ఫైబర్ వచ్చేసింది. కానీ నెట్ పోతే మాత్రం పాత కథే. కంపెనీకి ఫోన్ చేస్తే "రూటర్ ఒకసారి ఆపి ఆన్ చేయండి" అంటారు. లైన్‌మ్యాన్‌ని అడిగితే "లైన్ బాగానే ఉంది, మీ ఫోన్‌లోనే తేడా" అంటాడు. మధ్యలో నలిగిపోయేది ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవాళ్లు, ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లలు. మరి అసలు తప్పు ఎవరిది?

రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగానే పల్లెలకు ఫైబర్ లాగారు. వైరు ఇంటిదాకా వచ్చింది. ఇంట్లో పెట్టిన బాక్స్‌ను చదవడం మాత్రం జనానికి ఎవరూ నేర్పలేదు.

లాగ్ అంటే ఏంటి?

రూటర్ రాసుకునే డైరీనే లాగ్. కరెంటు ఎప్పుడొచ్చింది, లైన్ ఎప్పుడు తెగింది, ఏ ఫోన్ కనెక్ట్ అయింది.. అన్నీ అందులో ఉంటాయి. బాక్స్ కింద స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్‌ను (ఎక్కువగా 192.168.1.1) బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అయితే 'సిస్టమ్ లాగ్' కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త! చాలా రూటర్లలో ఆపి ఆన్ చేస్తే పాత లాగ్ చెరిగిపోతుంది. అంటే మనకున్న సాక్ష్యాన్ని మనమే తుడిచేసినట్టు. అందుకే ముందు స్క్రీన్‌షాట్, ఆ తర్వాతే రీస్టార్ట్.

1970 అని ఎందుకు పడుతుంది?

లాగ్‌లో '1970 జనవరి 1' అని చూసి కంగారు పడకండి. ఇంటి రూటర్లలో మామూలుగా గడియారానికి బ్యాటరీ ఉండదు. ఆన్ కాగానే చాలా బాక్సులు ఆ తేదీతో మొదలై, నెట్ అందాక అసలు టైమ్ తెచ్చుకుంటాయి. కరెంటు పోకుండానే ఈ తేదీ మళ్లీ మళ్లీ కనిపిస్తే బాక్స్ తనంతట తానే రీస్టార్ట్ అవుతోందని అర్థం. అడాప్టర్ చెడి ఉండొచ్చు, వేడి కావొచ్చు. చాలా రూటర్లు 40 డిగ్రీల వరకే పనిచేసేలా తయారవుతాయి. మన ఎండాకాలంలో రేకుల కింద, టీవీ వెనక ఇరికిస్తే ఎలా తట్టుకుంటాయి?

అదే బాక్స్ ఆన్‌లోనే ఉండి, 'ఎల్‌ఓఎస్' లైటు ఎర్రగా వెలిగితే? ఫైబర్ నుంచి సిగ్నల్ రావట్లేదన్నమాట. బాక్స్ వెనక వైరు వంగకుండా, ఊడకుండా ఉంటే తప్పు బయటి లైన్‌దే.

తెలియని ఫోన్లు కనిపిస్తే?

పక్కింటోళ్లు వైఫై వాడేస్తున్నారని గొడవలు పెట్టుకునే ముందు ఇది తెలుసుకోండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ దాచి, నకిలీది చూపిస్తున్నాయి. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే అది అలాంటిదే కావొచ్చు. ఆ కొత్త ఫోన్ మీ ఇంట్లోదే అవ్వొచ్చు. అయినా అనుమానం తీరకపోతే వైఫై పాస్‌వర్డ్ మార్చేయండి. అందరూ బయటికి పోతారు, మీవాళ్లకే కొత్తది చెప్పండి.

అసలు ప్రమాదం వేరే ఉంది

2017 జులైలో దేశంలో వేలాది బీఎస్‌ఎన్‌ఎల్ మోడెమ్‌లు మాల్‌వేర్ దెబ్బకు మూగబోయాయి. కంపెనీ ఇచ్చిన 'అడ్మిన్' పాస్‌వర్డ్‌నే చాలామంది అలాగే ఉంచేయడం దొంగలకు దారి చూపింది. 2018 మేలో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లో చేరినట్టు సిస్కో టాలోస్ బయటపెట్టింది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడం.. ఈ రెండూ పావుగంట పని.

ఇక్కడే అసలు ప్రశ్న. కంపెనీ ఇచ్చిన కొన్ని బాక్సుల్లో లాగ్ పేజీ, అప్‌డేట్ ఆప్షన్ వినియోగదారుడికి తెరుచుకోవు. తాళం కంపెనీ చేతిలో ఉంటే అప్‌డేట్ బాధ్యత కూడా కంపెనీదే కావాలి కదా! ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబర్ తప్పక తీసుకోండి. పని కాకపోతే ట్రాయ్ నిబంధనల ప్రకారం అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లొచ్చు. అప్పుడు చేతిలో తేదీ, టైమ్‌తో లాగ్ స్క్రీన్‌షాట్ ఉంటే "మీ ఫోన్‌లోనే తేడా" అని తప్పించుకోవడం అంత తేలిక కాదు.