కాపలా లేని కంప్యూటర్లు

2017 మే నెలలో లోకమంతట చెలరేగిన వన్నాక్రై పీడ మన రాష్ట్రమున పోలీసు కంప్యూటర్లను సయితము పట్టెను. దొంగలను పట్టువారి పెట్టెలకే తాళము వేసి బిట్‌కాయిన్లు కోరెను! పాత ఎక్స్‌పీకి 2014లోనే పోషణ నిలిచెను. తరువాతి విండోసులకు విరుగుడు ఆ మార్చి 14వ తేదీననే ఉచితముగా వెలువడెను. పాతది మార్చకుండుట, విరుగుడు వేసికొనకుండుట ఎవరి దోషము? ఓటీపీ చెప్పవద్దని రైతునకు నిత్యము బోధించు అధికారులు దీనికేమందురు?

ఓర్వకల్లులో ఒక కంప్యూటరు దుకాణమున మేము కూర్చుంటిమి. రైతుల ఆధారు, పాసుపుస్తకపు నకళ్లు పని తీరినను ఆ యంత్రముననే పడియున్నవి. అప్‌డేటు వేయరేమని యడుగగా, "పని ఆగుతాది సార్" అనిరి. ఆగనిండు! అరగంట యాలస్యమును రైతు ఓర్చుకొనగలడు. అతడును తన నకలును, రీసైకిల్ బిన్నులోనిదానితో సహా, చెరిపించిగాని అచ్చటినుండి కదలరాదు.