ప్రాణరక్షణము ప్రభుత్వప్రసాదమా?

1997వ సంవత్సరము నవంబరు 19వ తేదీన హైదరాబాదు నగరమున జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతమున, రామానాయుడు స్టూడియో చెంత, కారులో నమర్చిన బాంబొకటి ప్రేలినది. 26 మంది ప్రాణములు గోల్పోయిరి. గురి పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవీంద్ర. తన తండ్రి జీవితము నాధారముగా గొని తీయబడుచుండిన 'శ్రీరాములయ్య' చిత్రపు కార్యక్రమమునకై ఆయన అచ్చటికి వచ్చియుండెను. ఆయన బ్రతికెను. చిత్రవార్త సేకరింపవచ్చిన ఈటీవీ సిబ్బంది మరణించిరి. ఏ కక్షతోడను ప్రసక్తిలేని ఆ నిర్భాగ్యుల పేర్లు నేడు మనలో నెందరికి జ్ఞాపకమున్నవి?

గురి తప్పినవారు ఊరకుండలేదు. 2005 జనవరి 24వ తేదీన అనంతపురమున, పట్టపగలు, తన పార్టీ కార్యాలయపు ఆవరణముననే రవీంద్ర తుపాకిగుండ్లకు గూలెను. 1997లో ఆయన అధికారపక్షమువాడు, 2005లో ప్రతిపక్షమువాడు. తనకు ప్రాణభయ మున్నదనియు, రక్షణ చాలదనియు ఆయన బహిరంగముగనే మొరపెట్టుచుండెను. ఆ మొర ఆలకింపవలసినవారు ఆలకింపరైరి.

మేము రవీంద్రకు స్తోత్రపాఠము చదువుటకు పూనుకొనలేదు. ఆయనపై నేరారోపణలు పెక్కు గలవు. అనంతపురము మండలపు ముఠాకక్షలలో ఇరువైపుల తల్లులును ఏడ్చిరి. కాని నిందితుడైనను, నిర్దోషియైనను, వాని శిక్షను నిర్ణయింపవలసినది న్యాయస్థానము; పొంచియున్న తుపాకి కాదు. ఈ సూత్రమును మనకు నచ్చినవారి విషయమున మాత్రమే పాటింతుమన్నచో అది సూత్రమే కాదు.

"ఇది ముఠాకక్ష, రాజకీయహత్య కాదు" అని వాదించువారు గలరు. ఈ వాదము ప్రభుత్వపు దోషమును తగ్గింపదు, పెంచును. ముప్పది యేండ్లుగా లోకమెల్ల నెరిగిన పగ, ఒకమారు 26 మందిని బలిగొన్న పగ, మరల పడగ విప్పునని తెలియుటకు జ్యోతిష్కుడు కావలెనా? హంతకుని వెనుక మంత్రి యున్నాడా, లేడా యన్నది సాక్ష్యముపై తేలవలసిన మాట. తెలిసియు తెలియనట్లుండుట మాత్రము సాక్ష్యమక్కరలేని నేరము.

"కేంద్ర నేరపరిశోధకశాఖకు అప్పగింపలేదా?" అందురు. అప్పగించిరి, విచారణ జరిగినది, కొందరకు యావజ్జీవశిక్షయు పడినది. కాని ప్రధాననిందితుడుగా పేర్కొనబడిన మొద్దు శీను 2008లో అనంతపురము కారాగారముననే హతుడయ్యెను. ఫిలింనగరు బాంబు కేసులో శిక్షపడిన మద్దెలచెరువు సూరి విడుదలయై, 2011 జనవరిలో హైదరాబాదున కాల్చి చంపబడెను. చెరసాల గోడలనడుమ సైతము ఖైదీని కాపాడలేని ప్రభుత్వము నడివీధిలో నెవ్వరిని కాపాడును? నోరు విప్పవలసినవారే నోరు మూసుకొనిపోయినపుడు న్యాయస్థానము సత్యమును ఎచ్చటినుండి తేగలదు?

పార్టీల ధర్మదీక్షను గూడ కొంత పరికింతము. 1988 డిసెంబరు 26న విజయవాడలో కాంగ్రెసు శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా నిరాహారదీక్షా శిబిరముననే హతుడయ్యెను. అపుడు అధికారము తెలుగుదేశమువారిది. 2005లో హతుడు తెలుగుదేశమువాడు, అధికారము కాంగ్రెసువారిది. నాడు ఒకరు చేసిన ఆక్రోశమునే తరువాత రెండవవారు చేసిరి. నాడు ఒకరు చెప్పిన సమాధానమునే తరువాత రెండవవారు చెప్పిరి. రెండుమారులును దుకాణములు, బస్సులు తగులబడినవి, సామాన్యుడు నష్టపడెను. శోకము పార్టీది, బూడిద ప్రజలది!

ఇక చలనచిత్రసీమ. ఏ వీధిలో 26 మంది రక్తము పారెనో, ఆ వీధినుండియే కొడవండ్లు, బాంబులు, తొడగొట్టుటలు తెరకెక్కి టిక్కెట్లుగా అమ్ముడుపోయినవి. రవీంద్ర, సూరిల పగయే 2010లో 'రక్తచరిత్ర'యైనది. కళాకారుని స్వేచ్ఛను మేము కాదనము. కాని చంపినవాడు వీరుడుగను, చచ్చినవాడు లెక్కగను కనబడు కథలకు ఈలవేసిన మనము సయితము ఈ పాపమున భాగస్వాములమే.

కర్తవ్యమేమి? 2006 సెప్టెంబరు 22న ప్రకాశసింగు కేసులో సుప్రీముకోర్టు మార్గము చూపినది: ప్రతిపక్షనాయకునకును స్థానముగల రాష్ట్ర భద్రతాసంఘము, పోలీసు అధిపతికి రెండేండ్ల స్థిరపదవి, శాంతిభద్రతలనుండి నేరపరిశోధనను వేరుచేయుట. 2018లో సాక్షుల రక్షణపథకమును సయితము ఆ న్యాయస్థానమే ఆమోదించినది. వీనిని అక్షరాల అమలు జరుపుడు. ఎవరికెందరు రక్షకభటులన్నది మంత్రి కనుసన్నలలో గాక, విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతగల సంఘము కారణములు వ్రాసి నిర్ణయింపవలెను. తగ్గించినపుడు ఆ కారణములను బాధితునకు తెలుపవలెను.

రాజ్యాంగపు 21వ అధికరణము ప్రాణరక్షణ నిచ్చినది ఏ పక్షమువానికని విచారించి కాదు. చదువరులారా! మీ వీధికి ఓటడుగవచ్చు ప్రతి పక్షమువానిని, రుమాలు రంగు చూడక, ఒక్క ప్రశ్న యడుగుడు: నీవు గద్దెనెక్కిన మరునాడు నీ శత్రువు ప్రాణమును నీ ప్రాణమువలె కాపాడుదువా? "అవును" అని వ్రాసియీయలేనివానికి మీ ఓటు తగదు.