జాజ్‌కు జాతకం రాసినవారు

ఏప్రిల్ 30న అంతర్జాతీయ జాజ్ దినోత్సవం వస్తుంది. దాని వెంటే జాజ్ 1917లో పుట్టిందన్న మాటా వస్తుంది. 2017లోనైతే నూరేళ్ల పండుగే చేశారు. 1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీ 'ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాస్ బ్యాండ్' చేత రెండు పాటలు రికార్డు చేయించింది. అంతవరకు నిజం. ఆ బృందంలో ఐదుగురూ తెల్లవారే. 'లివరీ స్టేబుల్ బ్లూస్'లో క్లారినెట్ కోడిపుంజులా కూసింది, కార్నెట్ గుర్రంలా సకిలించింది, ట్రాంబోన్ ఆవులా అరిచింది. జనం ఎగబడి కొన్నారు. యంత్రం ముందు మొదట నిలబడ్డవారే సృష్టికర్తలన్న తీర్పు తర్వాత వచ్చింది. కార్నెట్ వాయించిన నిక్ లరాకా అయితే ఈ సంగీతం పుట్టుకలో నల్లవారి పాత్రే లేదని వాదిస్తూ పోయాడు. నన్నయకు ముందు తెలుగులో పాటే లేదని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా?

ఆ బృందంలోనివారి సొంత ఊరు న్యూ ఆర్లీన్స్‌లో బానిసలు ఆదివారాలు ఒక్కచోటే గుమిగూడాలని 1817లో నగరం శాసించింది. ఆ చోటే కాంగో స్క్వేర్. అక్కడ మోగిన డప్పుల గురించి, వలయంగా సాగిన ఆటల గురించి వాస్తుశిల్పి బెంజమిన్ లాట్రోబ్ 1819లో రాసిపెట్టాడు. అక్కడి నుంచి జాజ్ దాకా తిన్నగా గీత గీస్తే తొందరపాటే, ఆ ఆటలు అంతర్యుద్ధానికి ముందే సన్నగిల్లాయి. కానీ ఆ నగరంలో శవయాత్రల బ్రాస్ బ్యాండ్లు, చర్చి పాటలు, రాగ్‌టైమ్, బ్లూస్ ఒకే వీధుల్లో వినబడేవి. స్వరలిపి చదవడం వచ్చిన క్రియోల్ (మిశ్రమ సంతతి) వాద్యకారులు తమను నల్లవారికి వేరుగా, ఒక మెట్టు పైన చూసుకునేవారు. 1890లో లూసియానా రైలు పెట్టెలను రంగును బట్టి విడదీసింది. ఆ చట్టాన్ని ధిక్కరించిన హోమర్ ప్లెసీ క్రియోలే. 1896లో సుప్రీంకోర్టు అతన్ని ఓడించింది. చదివి వాయించేవారు, విని వాయించేవారు ఒకే బ్యాండులో చేరడానికి ఈ చట్టమొక్కటే కారణమనను. కానీ చట్టం గీసిన గీతకు ఇద్దరూ ఒకే వైపు మిగిలారు. అప్పటికే నల్లవాడైన బడ్డీ బోల్డెన్ కార్నెట్ ఊరంతా మోగుతోంది. 1907లో అతన్ని పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1931లో అక్కడే పోయాడు. అతను వాయించిన ఒక్క స్వరమూ మనకు దక్కలేదు.

వినకుండా అది జాజేనని ఎలా చెబుతారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1923 ఏప్రిల్‌లో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లో జెనెట్ కంపెనీకి న్యూ ఆర్లీన్స్ నల్ల వాద్యకారుడు కింగ్ ఆలివర్ బృందం వాయించిన పాటలు వినండి. రెండో కార్నెట్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. అందరూ ఒకేసారి అప్పటికప్పుడు అల్లుతున్నా ఒకరి దారికి ఒకరు అడ్డురారు. ఆరేళ్ల కిందటి గుర్రపు సకిలింపుల రికార్డు విని నేర్చుకునే విద్యా అది? ఇక పత్రికల్లో ఆధారాలు చూపమనేవారు 1918 జూన్‌లో న్యూ ఆర్లీన్స్ 'టైమ్స్-పికయూన్' రాసిన సంపాదకీయం చదవాలి. ఈ సంగీతం తమ ఊళ్లో పుట్టిందంటే ఆ పత్రికకు తలవంపులట, దాన్ని అణచివేయడం పౌరధర్మమట! తెల్లవారి రికార్డు దేశమంతా మోగాక కూడా సంపాదకుల బుద్ధి ఇదైతే, 1900 నాటి నల్లవారి నాట్యశాలకు విలేకరిని ఎవరు పంపుతారు?