ముగ్గురాయి ఊళ్లో ఇంగ్లీషు పాఠం

మన రాయలసీమలోని మంగంపేట ముగ్గురాయి చమురు బావుల తవ్వకానికి దేశదేశాలకు పోతుంది. ఆ రాయి సంగతి నాలుగు సొంత ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పగల పిల్లలు మన బడుల్లో ఎందరు? ఒకవైపు తెలుగు, ఎదుటివైపు ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు 2020-21లోనే వచ్చాయి. అయినా చాలాచోట్ల ఇంగ్లీషు పీరియడంటే బోర్డు మీది జవాబును నోటుబుక్కులోకి ఎక్కించడమే. గైడు బట్టీతో మార్కులొస్తాయేమో గానీ రాత రాదు.

ఖర్చులేని దారులున్నాయి. పాఠంలోని కథను నలుగురేసి పిల్లలు సంభాషణలుగా మార్చి ఆడాలి. గని లారీ డ్రైవరునో, రాయిని పొడిచేసే పల్వరైజింగ్ మిల్లు కూలీనో తెలుగులో పలకరించి, విన్నది ఇంగ్లీషులో పది వాక్యాలు రాయాలి. పక్కవాడు చదివి అర్థంకాని చోట గీత గీయాలి. టీచరు ఎర్ర కలం రెండో ప్రతికే రావాలి.

రవీంద్రుడు 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చింది మన సీమలోని మదనపల్లె కళాశాలలోనే. ఇంగ్లీషు రాత ఈ నేలకు పరాయిదేమీ కాదు; మన పిల్లలకూ కాకూడదు.

ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టుకు మార్కులు ఎలాగూ ఉన్నాయి. వాటిని నెట్‌లోంచి దించుకున్న చార్టులకు కాక పిల్లల సొంత రాతకే వేయించే బాధ్యత మండల విద్యాధికారులది.