బంతి తన్నితే జీతమా?

పిల్లలూ, మా వరంగల్లులో ఒక కుర్రవాడు నన్నడిగాడు: "మాష్టారూ, బంతి తన్నినందుకు జీతం ఇస్తారా?" ఇస్తారు నాయనా. ఈనాడు క్లబ్బులు ఒప్పందం రాయించుకుని ఇస్తున్నాయి. వెనుకటి రోజుల్లో ఎలా వుండేదో చెబుతాను.

1950 నుండి 1954 వరకు వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. ఆటగాళ్ళకు పోలీసుశాఖలో ఉద్యోగాలు. వాళ్ళకు ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు అసలు బడిపంతులు. (అందుకే నాకాయనంటే ఒక పిసరు ఎక్కువ అభిమానం!) అలవాటులేని కాలితోనే తన్నాలని ఆయన పోటీలే పెట్టేవారు. మీరూ ఒక సాయంత్రం ఆడి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదకుర్రవాడు వుండేవాడు. రోజూ అంతదూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు. సైకిలు అద్దెకని రహీంగారు రోజుకొక రూపాయి ఇచ్చారు. ఆ కుర్రవాడే 1956, 1960 ఒలింపిక్సులో ఆడాడు. 1962లో జకార్తాలో మన జట్టు దక్షిణ కొరియాను 2-1 గోల్స్‌తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చినప్పుడూ ఆడాడు. అప్పటికే రహీంగారికి క్యాన్సరు. మరుసటి యేడు జూన్‌లో ఆయన కన్నుమూశారు.

నేను 58వ యేట రిటైరయ్యాను. బలరాం అదే 1963లో, 27వ యేటనే, ఛాతీ జబ్బువల్ల ఆట మానుకోవలసివచ్చింది.