మేడ మీద పెరడు: మట్టి లేని గొట్టంలో ఆకుకూరలు

బచ్చలికూర అడిగి తెచ్చుకోవడానికి మనవాళ్ళు ఎన్ని భాషలు నేర్చుకున్నారో! బెంగుళూరులో బసళె, చెన్నైలో పసలై కీరై, బరంపురంలో పోయి సాగ, పుణెలో మయాళు. పొన్నగంటి కన్నడిగులకు హొనగొన్నె, తమిళులకు పొన్నాంగణ్ణి. గోంగూరను మహారాష్ట్రలో అంబాడి అంటారు, తమిళనాట పుళిచ్చ కీరై అంటారు. పేరు తెలిస్తే సంతలో దొరక్కపోదు. కాని ఆ కట్ట ఎప్పుడు కోసిందో, ఏ నీళ్ళతో పెంచిందో, ఎన్నిసార్లు మందు కొట్టిందో అమ్మే మనిషికి కూడా తెలియదు. పెరడున్న ఇళ్ళు అమ్ముకుని ఫ్లాట్లలోకి మారినవాళ్ళకు మిగిలింది బాల్కనీ మూల ఒక్కటే. ఆ మూలలో నిలువు గొట్టం పెట్టి మట్టి లేకుండా కూరలు పెంచవచ్చట కదా, ఎలాగో రాయండి అని చాలామంది అడుగుతున్నారు. ఈసారి కబుర్లు ఆ గొట్టం గురించే.

ముందు ఆశ ఎంత పెట్టుకోవాలో చెప్పుకుందాం. 5 అడుగుల గొట్టానికి 18 చిన్న గిన్నెలు పడతాయి. ఒక్కో గిన్నెలో మూడు నాలుగు పాలకూర మొక్కలు పెడితే, అన్నీ కోసినా సంతలో దొరికే కట్టలు ఐదారుకు మించవు. మళ్ళీ చిగురించి కోతకు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంటే కూరల ఖర్చు తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కోసిన పది నిమిషాల్లో పప్పులో పడే ఆకు, మందు తగలని పుదీనా, పిల్లలు తమ చేత్తో తుంచిన కొత్తిమీర, ఇవీ దానివల్ల దక్కేవి. అవి చాలనుకునేవాళ్ళు మిగతాది చదవండి.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన వింత కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గెరికె అనే ఆచార్యుడు లవణాలు కలిపిన నీళ్ళలో టమాటాలు పెంచి, 1937లో ఈ సేద్యానికి హైడ్రోపోనిక్స్ అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. మన దేశంలో 1946లో షోల్టో డగ్లస్ అనే ఆంగ్లేయుడు డార్జిలింగ్ దగ్గరి కాలింపాంగ్‌లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. తొట్లలో గులకరాళ్ళు నింపి, ఖరీదైన యంత్రాలు లేకుండా సామాన్యుడు కూడా చేసుకోగల పద్ధతి కావాలని ఆయన తాపత్రయం. దానికే బెంగాల్ పద్ధతి అని పేరు వచ్చింది.

ఇక గొట్టం. 4 అంగుళాల పీవీసీ పైపు 5 అడుగులు తీసుకోండి. పాత ఇనుప సామాన్ల దుకాణంలో చవకగా వస్తుందని వాడిన పైపు తేవద్దు. పూర్వం పీవీసీ పైపుల తయారీలో సీసపు లవణాలు కలిపేవారు. దాన్ని అదుపు చేస్తూ 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. మనం తినే ఆకు వేళ్ళు రాత్రింబవళ్ళు అందులోనే ఉంటాయి కనుక, సీసం లేనిదని ముద్ర ఉన్న కొత్త పైపు, అందులోనూ తాగునీటికి వాడే రకం అడిగి తీసుకోండి.

అడుగున 10 అంగుళాలు, పైన 5 అంగుళాలు వదిలేసి, మధ్య భాగంలో 5 అంగుళాలకొక వరుస చొప్పున గుర్తులు పెట్టండి. ఒక్కో వరుసలో ఎదురెదురుగా రెండే గాట్లు. పై వరుసలో ఉత్తరం, దక్షిణం అయితే కింది వరుసలో తూర్పు, పడమర. ఒకే వరుసలో మూడు పెడితే పైపు బలం పోతుంది. గాటు రంపంతో అడ్డంగా 3 అంగుళాలు కోయాలి. తర్వాత హీట్ గన్‌తో గాటుకు పైనా కిందా వేడి చేస్తే పీవీసీ అప్పడంలా మెత్తబడుతుంది. అప్పుడు సన్నటి గాజుసీసా మెడను ఏటవాలుగా లోపలికి దూర్చి, కింది పెదవి బయటికి వచ్చేలా నొక్కి పట్టుకుని, తడిగుడ్డతో చల్లార్చండి. చిన్న జేబులాగా తయారవుతుంది. 2 అంగుళాల వల గిన్నె అందులో ఒరిగి కూర్చుంటుంది. గుండ్రంగా రంధ్రం కోసి ఊరుకుంటే గిన్నె ముందుకు జారిపోతుంది, నీళ్ళూ బయటికి కారతాయి. ఒక జాగ్రత్త: పీవీసీ మాడితే వచ్చే పొగ విషం. ఈ పని డాబా మీద, గాలికి ఎదురు కాకుండా నిలబడి చేయాలి. వంటింటి గ్యాసు పొయ్యి మీద పైపు కాల్చడం పనికిరాదు.

కింద 25 లీటర్ల మూత బకెట్ కావాలి. మూతకు పైపు పట్టేంత రంధ్రం చేసి, పైపును బకెట్ అడుగు దాకా దించండి. పైపు కింది అంచున రెండు మూడు పళ్ళు కోస్తే పైనుంచి దిగిన నీళ్ళు బకెట్లోకి తిరిగి వస్తాయి, బరువూ అడుగు మీద పడుతుంది. బకెట్లో చిన్న మోటారు, దాని నుంచి అర అంగుళం గొట్టం పైపు లోపలగా పైకంటా వెళ్ళాలి. పైన చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా మూతలో నీళ్ళు పడి, జల్లులా లోపలి గోడల వెంట వేళ్ళ మీదుగా జారుతాయి. ఆపైన ఎండ్ క్యాప్ బిగిస్తే సరి.

మోటారు కొనేటప్పుడు పెట్టె మీద రాసిన ఎత్తు చూసి చాలామంది మోసపోతారు. 1.8 మీటర్లు అని రాసి ఉంటే ఆ ఎత్తున నీళ్ళు వస్తాయని కాదు, అక్కడికి వచ్చేసరికి ధార పూర్తిగా ఆగిపోతుందని అర్థం. 5 అడుగుల గొట్టానికి రెండున్నర మీటర్ల మోటారైనా ఉండాలి. 20 వాట్ల మోటారు పావుగంట నడిచి పావుగంట ఆగేలా టైమర్ పెడితే నెలకు 7 యూనిట్ల కరెంటు. అది భారం కాదు, భయమంతా వేరే చోట ఉంది. నీళ్ళ బకెట్లో 230 వోల్టుల తీగ ఉంటుంది, ఆ చుట్టూ పిల్లలు తిరుగుతారు. అందుచేత అడాప్టరుతో నడిచే 12 వోల్టుల మోటారు దొరికితే అదే తీసుకోండి. కూలరు మోటారే వాడదలిస్తే ఆ లైనుకు ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకితే తప్ప బకెట్లో చెయ్యి పెట్టకూడదన్నది ఇంటిల్లిపాదికీ నియమం కావాలి. బకెట్ మూత చుట్టూ సందులుంటే దోమతెర గుడ్డతో మూయండి. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే.

నీళ్ళు, పోషకాలు, బకెట్ కలిసి బరువు బాగానే ఉంటుంది. గ్యాస్ సిలిండరు కింద పెట్టే చక్రాల పళ్ళెం మీద నిలబెడితే వారానికోసారి పావు వంతు తిప్పుకోవచ్చు, అన్ని వైపులా ఎండ తగులుతుంది. రోజుకు నాలుగైదు గంటల ఎండైనా పడని చోట ఆకుకూరల ఆశ వదులుకోవడం మంచిది. పై కొనను కిటికీ గ్రిల్లుకు తాడుతో కట్టడం మరవకండి. గాలివాన వస్తే ఇంత ఎత్తు గొట్టం నిలవదు.

ఇక నీళ్ళ సంగతి. మన కాలనీల్లో సగం బోరు నీళ్ళే. టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం 500 లోపు ఉండడం మేలు. ఆకుకూరల గొట్టంలో పోషకాలు కలిపాక 700 నుంచి 900 మధ్య ఉండాలి. బోరు నీళ్ళే 600 చూపిస్తే మొక్క తినే లవణాలకు చోటేదీ? ఆ 600లో చాలాభాగం మొక్కకు అక్కరలేని ఉప్పే. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్ళలో ఉప్పు ఇంకా ఎక్కువ, అవి అసలే పనికిరావు. వాననీళ్ళను మించినవి లేవు. తమిళనాడులో 2003లో ప్రతి ఇంటికీ వాననీటి సంరక్షణ తప్పనిసరి చేశారు గనుక అక్కడివాళ్ళకు గొట్టాలు ఎలాగూ ఉన్నాయి. నేలలోకి పంపే ముందు ఒక డ్రమ్ము పట్టుకుని, బోరు నీళ్ళలో సగానికి సగం కలుపుకోవచ్చు.

పోషకాలు ఏ, బీ అని రెండు సీసాలుగా అమ్ముతారు. ఒకటే చేసి అమ్మకుండా రెండెందుకని విసుక్కోకండి. ఒకదాంట్లో కాల్షియం నైట్రేట్, రెండోదాంట్లో సల్ఫేటులు, ఫాస్ఫేటులు ఉంటాయి. చిక్కగా ఉన్నప్పుడు కలిపితే కాల్షియం వాటితో కలిసి సుద్దలాగా అడుక్కి దిగుతుంది, మొక్కకు అందదు. బకెట్ నిండా నీళ్ళు పోసి, ఏ కలిపి, బాగా తిప్పి, ఆ తర్వాతే బీ పోయాలి. ఎరువుల దుకాణంలో దొరికే 19:19:19 చాలదా అంటే చాలదు. అందులో కాల్షియం లేదు, నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది. దాన్ని మొక్కకు పనికొచ్చేలా మార్చే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నంతగా ఈ నీళ్ళలో ఉండవు. పంచగవ్యం, జీవామృతం మట్టికి అమృతమే కావచ్చు, ఈ గొట్టంలో మాత్రం కుళ్ళి వాసన వేసి మోటారును పూడుస్తాయి.

పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంచాలి. బోరు నీళ్ళలో అది పైకే పోతుంటుంది. నిమ్మరసం పిండితే ఆ పూటకు దిగుతుంది, సూక్ష్మజీవులు ఆ పులుపును తినేశాక మళ్ళీ ఎక్కుతుంది. ఇందుకోసం అమ్మే ఫాస్ఫారిక్ ఆమ్లపు చుక్కలే నయం, పిల్లలకు అందకుండా పెట్టండి. రెండు వారాలకోసారి నీళ్ళన్నీ మార్చి, పాతవి కరివేపాకు కుండీకి పోయండి.

గొట్టానికి అసలు పరీక్ష వేసవి. నీళ్ళు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. ఇక వేళ్ళు గోధుమరంగుకు తిరిగి జిగటగా కుళ్ళిపోతాయి. బకెట్‌కు ముందు నల్లరంగు, దాని మీద తెల్లరంగు వేయండి. నలుపు వెలుతురును ఆపి పాచి పట్టకుండా చూస్తుంది, తెలుపు వేడిని ఆపుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బకెట్ చుట్టూ తడి గోనెపట్టా, పైన పచ్చ నీడవల. చెన్నై, యానాం, బరంపురం వాళ్ళు ఆ నెలల్లో పాలకూర, కొత్తిమీర జోలికి పోకుండా తోటకూర, బచ్చలి పెట్టుకోవడం తెలివి. బెంగుళూరు వాళ్ళకు ఈ బాధ తక్కువ. ముంబయి వాళ్ళకు వానాకాలంలో ఎండ కరవు.

కరెంటు పోతే ఏం చేయాలి? మట్టి కుండీ రెండు రోజులు ఓర్చుకుంటుంది. ఈ గొట్టంలో వేళ్ళు గాలిలో వేలాడుతుంటాయి కనుక, మే మధ్యాహ్నం గంటా రెండు గంటల్లో ఆకులు వాలిపోతాయి. ఇన్వర్టరు ఉంటే దానికి కలపండి. లేకపోతే పై మూత తీసి అరగంటకోసారి బకెట్లోని నీళ్ళే చెంబుతో పోయండి. ఇది ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు కూర్చుని చేయగల పని, బెంగాల్ పద్ధతివాళ్ళు చేసిందీ దాదాపు ఇదే. సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్ళేటప్పుడు మోటారును నమ్ముకోవద్దు. గిన్నెలన్నీ తీసి, వేళ్ళు తడిసేలా రెండంగుళాల నీళ్ళున్న టబ్బులో నీడన పెట్టి వెళ్ళండి.

ఏం పెట్టాలన్నదానికి నా ఓటు పొన్నగంటికి. చెరువు గట్ల మీద, కాలవ ఒడ్డున పుట్టే కూర అది, తడి దానికి పుట్టిల్లు. సంతలో కొన్న కట్టలోంచి ముదురు కాడలు నాలుగు తీసి గ్లాసు నీళ్ళలో ఉంచితే, కొద్ది రోజుల్లో కణుపుల దగ్గర వేళ్ళు పుడతాయి. పుదీనా, బచ్చలి కూడా అంతే, విత్తనాల ఖర్చు లేదు. గిన్నెలో కొబ్బరిపొట్టు నింపేముందు మూడు నాలుగు నీళ్ళలో కడిగి పిండండి, దాంట్లో ఉప్పు ఉంటుంది. కొత్తిమీర అయితే గింజలను రెండుగా నలిపి గిన్నెకు పది వేయండి.

గోంగూర మాటేమిటని అడుగుతారని తెలుసు. మనిషెత్తు పెరిగి, లోతుగా తల్లివేరు దించే మొక్క అది. దాని అన్నదమ్ముల నుంచే గోగునార తీస్తారు. అంత గట్టి కాండం ఈ గొట్టంలో ఇమడదు. ఒక బియ్యం సంచీలో మట్టి, పశువుల ఎరువు కలిపి నింపి, గొట్టం పక్కనే పెట్టి, నాలుగు గింజలు వేయండి. రెండు వారాలకోసారి బకెట్లోంచి తీసే పాత నీళ్ళలో కాసిని దానికీ పోస్తే చాలు.